తెలుగు తెలిసిన సెర్చ్ కట్టుకోవడం ఎలా: పదం, అర్థం, వ్యాకరణం వాడుకునే సమగ్ర మార్గదర్శి

చెన్నైలో అచ్చయిన పాత తెలుగు పుస్తకాల జాబితా మీ సైట్‌లో పెట్టారనుకోండి. చూడ్డానికి వచ్చినవాళ్లు సెర్చ్ బాక్స్‌లో 'చెన్నై' అని కొడతారు, నాలుగు కొత్త పుస్తకాలు కనిపిస్తాయి, అంతే. పాత పుస్తకాల లోపలి పేజీలో ఊరి పేరు 'చెన్నపురి' అని ఉంటుంది, కొన్నిట్లో 'మదరాసు', ఇంకొన్నిట్లో 'చెన్నపట్టణము'. ఊరు ఒకటే, జాబితా ఎక్కించినవాళ్లు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించారు, వాళ్ల తప్పేమీ లేదు. కానీ కంప్యూటర్‌కి ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలు.

ఇలాంటిది ఎదురవగానే చాలామంది 'ఏఐ మోడల్ పెట్టేస్తే పోతుంది కదా' అంటారు. పెట్టొచ్చు, దాని సంగతి కూడా కింద చెప్తాను. కానీ తెలుగు సెర్చ్ ఎక్కువగా చెడిపోయేది అంతకంటే కింది స్థాయిలో: అక్షరాల దగ్గర, విభక్తుల దగ్గర, పర్యాయపదాల దగ్గర. అక్కడ మన భాష గురించి మనకు ముందే తెలిసిన విషయాల్ని కంప్యూటర్‌కి ఓపిగ్గా నేర్పితే, చిన్న సర్వర్ మీద, ఖర్చు లేకుండా, ఫలితాలు బాగా మెరుగవుతాయి. టి.నగర్‌లోనో మైలాపూర్‌లోనో తెలుగు సంఘం లైబ్రరీకి సైట్ చూసేవాళ్లు, వంటల సైట్ నడిపేవాళ్లు, పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టేవాళ్లు, ఎవరైనా కొంచెం ప్రోగ్రామింగ్ వస్తే ఇది చేసుకోవచ్చు. నేను ఇక్కడ ఒక గ్రంథాలయం జాబితాకి ఇదే వరసలో చేశాను కాబట్టి ఆ వరసలోనే చెప్తాను.

1. ముందు జనం ఏం కొడుతున్నారో చూడండి

కోడ్ ముట్టుకోకముందే సెర్చ్ లాగ్ తీయండి, అంటే జనం సెర్చ్ బాక్స్‌లో ఏం కొట్టారో నమోదయ్యే ఫైల్. లాగ్ పెట్టుకోకపోతే ఈరోజే పెట్టండి, కొన్ని వారాలు ఆగండి. ఫలితాలు ఒక్కటి కూడా రాని ప్రశ్నల్ని వేరే షీట్‌లోకి తీసుకుని, ఒక్కోదాని పక్కన అది ఎందుకు ఫెయిలైందో రాయండి. మామూలుగా ఐదు రకాలే ఉంటాయి. స్పెల్లింగ్ వేరు, విభక్తి తగిలింది, అదే అర్థానికి వేరే మాట వాడారు, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టారు, లేదా అసలు ఆ పుస్తకమే మన దగ్గర లేదు. ఈ ఐదింట్లో ఏది ఎక్కువుందో దాన్నిబట్టి మీ శ్రమ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. సెర్చ్ బాక్స్‌లో ఫోన్ నంబర్లు, సొంత పేర్లు కొట్టేవాళ్లు కూడా ఉంటారు, వాటిని షీట్‌లోకి రానివ్వకండి.

తర్వాత ఓ వంద ప్రశ్నలు ఏరి, ఒక్కోదానికి రావలసిన సరైన ఫలితాలేంటో మనుషుల చేతే రాయించండి. లైబ్రరీలో పాత పుస్తకాలు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కూర్చుని చేయించుకోండి, వాళ్లకు తెలిసింది మీకు ఏ మోడలూ ఇవ్వదు. ఇక ముందు చేసే ప్రతి మార్పునూ ఈ వంద ప్రశ్నల మీదే పరీక్షించాలి.

2. పదం ముక్కలవుతోందేమో చూడండి

ఇది చాలామంది గమనించని చోటు. తెలుగు గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్ లెక్కలో 'అక్షరాలు' కావు, 'మార్కులు'. ఇంగ్లిష్‌ని దృష్టిలో పెట్టుకుని రాసిన టూల్స్ చాలావాటికి ఆ తేడా తెలియదు. పైథాన్‌లో మామూలుగా వచ్చే రీజెక్స్ లైబ్రరీతో 'తెలుగు' అనే మాటని పదాలుగా విడగొట్టమంటే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అనే సెర్చ్ సదుపాయం వాడేవాళ్లకీ ఇదే ఇబ్బంది, దాని డిఫాల్ట్ టోకనైజర్ (పాఠాన్ని పదాలుగా విడగొట్టే భాగం) అక్షరాల్నీ అంకెల్నీ మాత్రమే పదంలో భాగంగా చూస్తుంది, మార్కు వచ్చిన చోటల్లా తెంపేస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో అయితే టోకనైజర్ సెట్టింగ్‌లో కేటగిరీల జాబితాకి రెండు రకాల మార్కుల్నీ (Mn, Mc) కలపండి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య ఉండే కనిపించని గుర్తు దగ్గర అప్పటికీ తెగుతుంది, దాన్ని కింద మూడో మెట్టులో చెప్పినట్టు ముందే తీసేయాలి. పైథాన్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే 'రీజెక్స్' ప్యాకేజీ వాడండి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సర్వర్ అయితే ఐసీయూ ప్లగిన్ టోకనైజర్ పెట్టుకోండి.

పరీక్ష సులువు. 'పుస్తకం', 'కృష్ణా', 'సాఫ్ట్‌వేర్', 'స్త్రీ' ఈ నాలుగు మాటల్ని మీ టోకనైజర్‌కి ఇచ్చి చూడండి. నాలుగు మాటలు నాలుగుగానే బయటికి రావాలి. రాకపోతే ముందు అది బాగుచేయండి, లేదంటే కింద చెప్పేదేదీ పనికిరాదు.

3. రాతలో తేడాల్ని ఒకచోటికి తేవడం

ఒకే మాటని పది రకాలుగా రాసుకునే భాష మనది, అందులోనూ పాత పుస్తకాలు ఉంటే ఇంకా ఎక్కువ. ఇండెక్స్‌లోకి (సెర్చ్ వెతుక్కునే పదాల పట్టికలోకి) వెళ్లే పాఠానికీ, జనం కొట్టే ప్రశ్నకీ ఒకే శుద్ధి జరగాలి, ఈ మాట మర్చిపోకండి.

యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చడం మొదటిది. పైకి ఒకేలా కనిపించే 'ై' గుర్తుని లోపల ఒక కోడ్‌తోనూ రాయొచ్చు, రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు, దీంతో ఆ తేడా పోతుంది. తర్వాత 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కంటికి కనిపించకుండా కూర్చునే జాయినర్, నాన్‌జాయినర్ గుర్తుల్ని తీసేయాలి, ఎందుకంటే ఫోన్‌లో కొట్టేవాళ్లలో సగం మందికి ఆ గుర్తు రాదు. తెలుగు అంకెలు ౧౯౧౪ అని ఉంటే 1914 చేయండి. అరసున్న తీసేయండి, బండి ఱని మామూలు ర చేయండి, 'వ్రాయు'ని 'రాయు' చేయండి, 'ఋణం' 'రుణం' ఒకటే చేయండి. పాత అచ్చులో రేఫ తర్వాత ద్విత్వం వేసి 'ధర్మ్మము', 'పూర్వ్వము' అని ఉంటుంది, దాన్నీ తగ్గించాలి.

చివరి 'ము'ని సున్నగా మార్చడం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. 'పుస్తకము'ని 'పుస్తకం' చేయాలి, కానీ అదే ఊపులో 'పాము'ని 'పాం' చేస్తే పాముల పుస్తకాలన్నీ కనబడకుండా పోతాయి. నేను వాడే నియమం ఏంటంటే, 'ము'కి ముందున్న హల్లుకి ఏ గుణింతపు గుర్తూ లేకుండా ఉత్త అకారం ఉంటేనే మార్చడం. పుస్తకము, విషయము, నియమము అన్నీ మారతాయి, పాము, నోము, రాము అలాగే ఉంటాయి. ఈ నియమం 'చేయము'ని కూడా 'చేయం' చేస్తుంది, ఎలాగూ మనం ఇప్పుడు అనేది అదే.

అసలు పాఠాన్ని మాత్రం చెరపకండి. ఉన్నది ఉన్నట్టు ఒక ఫీల్డ్‌లో, శుద్ధి చేసింది ఇంకో ఫీల్డ్‌లో పెట్టుకోవాలి. పాత రాతనే వెతికే పరిశోధకులు ఉంటారు, వాళ్లు 'మఱి' అని కొడితే 'మఱి' ఉన్నవే పైన రావాలి.

4. విభక్తులు, బహువచనాలు

'చెన్నైలో', 'చెన్నైకి', 'చెన్నైలోని', 'చెన్నైలోనే', 'చెన్నై నుంచి'. తెలుగులో ప్రత్యయాలు కుడివైపు ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి కాబట్టి కుడివైపు నుంచి ఒక్కో పొర తీసుకుంటూ రావాలి. ముందు 'ఏ', 'ఓ', 'ఐనా' లాంటివి, తర్వాత విభక్తులు, ఆఖర్న బహువచనం. ఎలాస్టిక్‌సెర్చ్‌కి పునాదిగా ఉన్న ఉచిత సెర్చ్ లైబ్రరీ లూసీన్ 9లో తెలుగు అనలైజర్ ఉంది, మొదలుపెట్టడానికి అది వాడుకోవచ్చు. కానీ దాంతో ఆగిపోకండి, మీ సైట్‌లో ఎక్కువ కనిపించే మాటలకి సొంత పట్టిక తప్పదు.

గుడ్డిగా తోకలు కత్తిరిస్తే ఏమవుతుందో చూడండి. 'లో' తీసేస్తే 'కిలో' కాస్తా 'కి' అవుతుంది. 'ని' తీసేస్తే 'పని' 'ప' అవుతుంది, 'కు' తీసేస్తే 'ఆకు' 'ఆ' అవుతుంది, 'లు' తీసేస్తే 'పాలు' 'పా' అవుతుంది. అందుకని రెండు షరతులు పెట్టండి: మిగిలిన మాటకి కనీసం రెండక్షరాలు ఉండాలి, పైగా అది మీ పదాల జాబితాలో ఎక్కడో ఒకచోట విడిగా కనిపించాలి. జాబితా కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మీ ఇండెక్స్‌లోని పదాలు, తెలుగు వికీపీడియా పాఠం కలిపితే సరిపోతుంది.

మాట రూపమే మారిపోయేవి వేరే కథ. 'పుస్తకం' అనేది 'పుస్తకాలు', 'పుస్తకాన్ని', 'పుస్తకానికి' అవుతుంది, ఇవి నియమంతో పట్టుకోవచ్చు: ఆలు, ఆన్ని, ఆనికి అనేవి వస్తే తీసేసి సున్న పెట్టి, ఆ మాట జాబితాలో ఉందో లేదో చూడటం. కానీ ఇల్లు, ఇంటి, ఇళ్లు, ఇండ్లు. కన్ను, కంటి, కళ్లు. నీరు, నీటి, నీళ్లు. చెయ్యి, చేతి, చేతులు. ఇలాంటివి స్కూల్లో ఔపవిభక్తికాలని చదువుకున్నవే, వీటికి నియమాలు రాస్తూ కూర్చునే కన్నా చేత్తో పట్టిక రాసేయడం తేలిక. లూసీన్‌లోనూ ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ స్టెమర్ ఓవర్‌రైడ్ అనే ఫిల్టర్ ఉంది, ఆ పట్టిక అందులో పెడితే స్టెమర్, అంటే తోకలు కత్తిరించే భాగం, ఈ మాటల జోలికి రాదు.

ఇక్కడ అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట: వ్యతిరేకార్థాన్ని ఎప్పుడూ కత్తిరించకండి. ఇంగ్లిష్‌లో కాదు, లేదు అనేది సాధారణంగా విడి మాటగా ఉంటుంది, మనకి చాలాసార్లు క్రియలోనే కలిసిపోతుంది. 'షుగర్ ఉన్నవాళ్లు తినకూడని పండ్లు' అని ఒకరు వెతికారు. స్టెమర్ 'తినకూడని'ని 'తిను' చేసేసిందంటే తినదగ్గ పండ్ల జాబితా పైకి వస్తుంది. 'ఉప్పు లేకుండా పచ్చడి' వెతికితే 'లేకుండా' అనేది స్టాప్‌వర్డ్స్‌లో (సెర్చ్ పట్టించుకోకుండా వదిలేసే మాటల్లో) పడి పోయిందంటే ఉప్పు వేసిన పచ్చళ్లన్నీ వస్తాయి. ఆరోగ్యం విషయంలో ఇది ఒకరికి నిజంగా హాని చేయగలదు. లేని, లేకుండా, కాని, కూడదు, కూడని, వద్దు, 'తినకుండా'లోని అకుండా, 'తినని'లోని అని, 'తినరాదు'లోని అరాదు, వీటన్నిటికీ ఒక కాపలా జాబితా పెట్టుకుని, అవి ఉన్న మాటల్ని స్టెమర్‌కి అందనివ్వకండి. స్టాప్‌వర్డ్స్ కింద యొక్క, మరియు, ఒక, గురించి లాంటివి కొన్ని తీస్తే చాలు.

5. పర్యాయపదాలు: దిక్కు, బరువు, సందర్భం

వేరుశనగలు, పల్లీలు, బుడ్డలు, చెనక్కాయలు. చెన్నైలో నెల్లూరు వాళ్లు, చిత్తూరు వాళ్లు, గోదావరి వాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు అందరూ ఉంటారు, వంటల సైట్‌లో ఎవరి మాట వాళ్లు కొడతారు. ఆసుపత్రి, ఆస్పత్రి, హాస్పిటల్, దవాఖానా కూడా అంతే. ఇలాంటివి రెండువైపులా పనిచేసే పర్యాయాలు, ఏది కొట్టినా మిగతావి రావాలి.

అన్నీ అలా ఉండవు. 'పండుగ వంటలు' అని వెతికితే సంక్రాంతివీ ఉగాదివీ రావడం బాగుంటుంది, కానీ 'సంక్రాంతి' అని వెతికినవాళ్లకి అన్ని పండుగలూ చూపిస్తే విసుగు. పెద్ద మాట నుంచి చిన్న మాటకి దారి తెరవండి, చిన్న దాని నుంచి పెద్ద దానికి మూసేయండి. పర్యాయపదాల ఫైల్‌లో బాణం గుర్తు పెట్టి ఒకవైపే పనిచేసేలా రాయొచ్చు. అలా రాసేటప్పుడు అసలు మాటని కూడా బాణానికి కుడివైపు మళ్లీ రాయాలి, లేకపోతే అదే పోతుంది.

అర్థాలు రెండు మూడు ఉన్న మాటలు ఇంకా కష్టం. 'మందు' అంటే ఔషధం, మద్యం, పురుగులకి కొట్టేది కూడా. మందుకి మద్యాన్ని పర్యాయంగా పెడితే వైద్యం పుస్తకాల మధ్యలోకి ఏవేవో వస్తాయి. ఇలాంటి మాటని ఒంటరిగా విస్తరించకుండా పక్క మాట చూసి విస్తరించండి: 'దగ్గు మందు', 'పొలం మందు', 'మందు మానడం'. 'చందమామ' కొడితే 1947లో ఇక్కడే మద్రాసులో మొదలైన పిల్లల పత్రికా, ఆకాశంలో చంద్రుడా? పుస్తకాల జాబితాలో అయితే పత్రికే ముందు రావాలి, సైన్సు వ్యాసాల సైట్‌లో అయితే తిరగబడాలి. ఏ సైట్‌కి ఆ సైట్ నిర్ణయించుకోవలసిందే.

మనుషుల పేర్లకీ ఊళ్ల పేర్లకీ విడిగా ఒక పట్టిక పెట్టండి. శ్రీశ్రీ అన్నా శ్రీరంగం శ్రీనివాసరావు అన్నా ఒకరే, ఆరుద్ర అన్నా భాగవతుల సదాశివశంకర శాస్త్రి అన్నా ఒకరే. చెన్నై ఊళ్ల పేర్లయితే మరీను: టి.నగర్, టీ నగర్, త్యాగరాయనగర్, ఎగ్మూరు, ఎగ్మోర్, ఎళుంబూర్, ట్రిప్లికేన్, తిరువల్లిక్కేణి. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి బోర్డు చూసి రాసుకున్నవాళ్లు 'కిండి' అనీ, ఇంగ్లిష్ విని రాసుకున్నవాళ్లు 'గిండీ' అనీ రాస్తారు. ఇవన్నీ మీరే కూర్చుకోనక్కర్లేదు. వికీడేటాలో ఒక్కో ఊరికీ మనిషికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, చెన్నైది 1352, ముందు క్యూ అక్షరం. దాని కింద తెలుగులో పేరు, మారుపేర్లు ఉంటాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెలుగు వికీపీడియాలో దారిమార్పు పేజీలు ఇంకో మంచి గని, జనం నిజంగా రాసే స్పెల్లింగులు అక్కడ దొరుకుతాయి. మామూలు మాటలకి ఐఐటీ బొంబాయి వాళ్ల ఇండోవర్డ్‌నెట్ అనే పర్యాయపదాల కోశంలో తెలుగు ఉంది, అయితే దాన్ని మొత్తంగా తెచ్చి పోసేయకండి. మీ లాగ్‌లో కనిపించిన మాటల వరకే తీసుకుని, ఒక్కోదాన్నీ చదివి ఒప్పుకుంటేనే చేర్చండి.

పర్యాయాల్ని ఇండెక్స్‌లో కాకుండా ప్రశ్న వచ్చినప్పుడు విస్తరించడం మంచిది. రేపు ఒక మాట మార్చాలంటే మళ్లీ అంతా ఇండెక్స్ చేయక్కర్లేదు.

6. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, స్కూల్లో తమిళం చదువుతారు, తెలుగు రాయడం మాత్రం రాదు. వాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు, వాళ్లని వదులుకోకూడదు. ఈ పక్క గీత, లలిత పేర్లలో టీహెచ్ పెట్టడం అలవాటు కాబట్టి 'పుస్తకం'లో త కూడా అలాగే వస్తుంది, ఇంకొకరు ఉత్త టీ పెడతారు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌ఎక్స్‌లిట్, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసింది తెలుగు లిపిలోకి మార్చే పనికి ఉచితంగా దొరికే మోడల్. ఒక మాటకి వచ్చే మొదటి మూడు నాలుగు తెలుగు రూపాలూ తీసుకుని, మీ ఇండెక్స్‌లో ఉన్నవాటినే ఉంచండి.

మోడల్ వద్దనుకుంటే ధ్వని తాళం తయారుచేసుకోవచ్చు: దీర్ఘాలు హ్రస్వాలు చేసి, ఒత్తక్షరాల ఒత్తు తీసి, ట-త, డ-ద, ణ-న, ళ-ల, శ-ష-స కలిపేసి, రెండువైపులా పోల్చడం. విద్యార్థి, విధ్యార్థి లాంటి స్పెల్లింగ్ తేడాలకీ ఇది పనికొస్తుంది. అయితే ఈ లెక్కలో 'పాత', 'పాట' ఒకటే అయిపోతాయి, 'కల', 'కళ' ఒకటే అయిపోతాయి, కాబట్టి దీనికి అన్నిటికంటే తక్కువ బరువు ఇవ్వాలి.

7. సంధులు, కలిపి రాయడాలు

'ఆంధ్రపత్రిక' అని ఒకరు, 'ఆంధ్ర పత్రిక' అని ఇంకొకరు. పక్కపక్కనున్న రెండేసి మాటల్ని ఖాళీ లేకుండా అతికించి కూడా ఇండెక్స్‌లో పెడితే ఇది తీరిపోతుంది. సంధి విడదీయడం అంత సులువు కాదు. 'రామాలయం'లో ఆలయం దొరకాలంటే సవర్ణదీర్ఘం, గుణం లాంటి రెండు మూడు నియమాలు రాసుకుని, విడదీసిన రెండు ముక్కలూ పదాల జాబితాలో ఉంటేనే ఒప్పుకోండి. అన్ని సంధుల వెంటా పడకండి, పేర్లలోనూ శీర్షికల్లోనూ వచ్చేవి చాలు.

8. ఇప్పుడు మోడల్

'చిన్నపిల్లలకి నిద్రపోయే ముందు చదివి వినిపించడానికి ఏమన్నా ఉన్నాయా' అని ఎవరైనా కొడితే, పై పనులన్నీ చేసినా సరైన ఫలితం రాకపోవచ్చు, ఎందుకంటే ఆ మాటలేవీ పుస్తకం వివరాల్లో ఉండవు. ఇక్కడ వెక్టర్లు పనికొస్తాయి. వాక్యం అర్థాన్ని అంకెల వరసగా మార్చి, దగ్గరగా ఉన్నవి తెచ్చే పద్ధతి ఇది. తెలుగు తెలిసిన మోడళ్లు ఉన్నాయి: 109 భాషలకి చేసిన లాబ్‌సే, మల్టీలింగువల్ ఈ5, బీజీఈ ఎం3. ఏది పెట్టినా మీ వంద ప్రశ్నల మీద పరీక్షించి ఎంచుకోండి, పేరు చూసి కాదు. తెలుగు మాటని ఈ మోడళ్లు చాలా ముక్కలుగా కోస్తాయి, కాబట్టి పొడుగు వ్యాసాన్ని పేరాలుగా విడగొట్టి ఇవ్వాలి, లేకపోతే చివరి సగం మోడల్ చూడనే చూడదు.

వెక్టర్లని ఒంటరిగా వాడితే పేర్ల దగ్గరా సంవత్సరాల దగ్గరా దెబ్బతింటారు, 1914 పత్రిక అడిగితే 1924ది ఇస్తాయి. అందుకే మాటల సెర్చ్, వెక్టర్ సెర్చ్ రెండూ నడిపి జాబితాల్ని కలపాలి. 2009లో వచ్చిన రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ అనే పద్ధతి చాలా తేలిక: ఒక్కో ఫలితానికి ప్రతి జాబితాలో దాని స్థానానికి 60 కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగించి, వచ్చినవి కూడాలి. స్కోర్లు ఎలా ఉన్నాయో చూడక్కర్లేదు, స్థానం తెలిస్తే చాలు.

మాటల సెర్చ్ లోపల బరువులు ఇలా మొదలుపెట్టండి: ఉన్నది ఉన్నట్టు కలిస్తే 10, శుద్ధి చేసిన రూపానికి 6, విభక్తి తీసిన రూపానికి 4, పర్యాయానికి 2, ధ్వనికి 1. బీఎం25 (మాటల సెర్చ్ ఫలితాల్ని వరస పెట్టే మామూలు లెక్క) డిఫాల్ట్ విలువలు 1.2, 0.75 అలాగే ఉంచండి, మొదట్లో వాటిని కదపడం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

9. కొలవడం, తర్వాత చూసుకోవడం

ప్రతి మార్పుకీ ముందూ తర్వాతా ఆ వంద ప్రశ్నలూ నడిపి, మొదటి ఐదు ఫలితాల్లో సరైనవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సగటు పెరిగిందని సంతోషించి వదిలేయకండి, ముందు బాగుండి ఇప్పుడు చెడిన ప్రశ్నల్ని ఒక్కొక్కటీ తెరిచి చూడండి. విభక్తుల నియమం ఒకటి కలిపితే ఇరవై బాగై రెండు చెడ్డాయనుకోండి, ఆ రెండింట్లో ఒకటి వ్యతిరేకార్థం పోయిన ప్రశ్న అయితే నేను ఆ నియమాన్ని వెనక్కి తీసుకుంటాను.

ఇదే పట్టిక గూగుల్ నుంచి వచ్చేవాళ్లకీ ఉపయోగపడుతుంది. పుస్తకం పేజీలో 'ప్రచురణ స్థలం: చెన్నపురి, ఇప్పటి చెన్నై' అనీ, 'ఇతర పేర్లు' అనీ మనుషులు చదివేలా ఒక వరస రాయండి. కంటికి కనబడకుండా మాటలు దాచిపెట్టడం మాత్రం వద్దు, గూగుల్ దాన్ని స్పామ్‌గా చూస్తుంది.

ఫలితం లేని ప్రశ్నల షీట్‌ని వారానికోసారి తెరవండి. కొత్త మాట వస్తే పట్టికలో చేర్చండి, మన దగ్గర లేని పుస్తకమే అయితే ఆ పేరు లైబ్రరీ వాళ్లకి పంపండి, కొనాల్సిన పుస్తకాల జాబితా వాళ్లకి అక్కడే తయారవుతుంది.